సరుకుల చీటీకి గూగుల్ కీప్: ఐదుకి నాలుగు మార్కులు

సరుకుల లిస్టు కోసమని ఫోన్లో వెతికితే బోలెడు యాప్‌లు దొరుకుతాయి. కొన్నైతే వారం మెనూ కూడా మేమే వేసిపెడతామంటాయి. సోమవారం పాస్తా, మంగళవారం సలాడ్. విజయవాడ పటమటలో ఐదుగురున్న మా ఇంట్లో అవి పెడితే కంచాలు నా వైపే తోసేస్తారు. చివరికి మాకు పనికొచ్చింది గూగుల్ కీప్ అనే మామూలు నోట్స్ యాప్. 2013 నుంచీ ఉన్నదే, పైసా కట్టక్కర్లేదు.

ఇంటి సంగతి కాస్త చెప్పాలి. నేను జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. మా ఆయన ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తారు. మావాడు ఇంటర్, తెల్లారేసరికి వాడికి క్యారేజీ కట్టాలి. చిన్నది ఏడో తరగతి. అత్తయ్యకి శనివారం ఒంటిపూట, ఆ రోజు వంటలో ఉల్లి, వెల్లుల్లి పడకూడదు. ఏది అయిపోయినా నా చెవిన వేసేస్తే తమ పని అయిపోయిందనుకోవడం ఇంటిల్లిపాదికీ అలవాటు. క్లాసుకి వెళ్తుంటే ఫోన్ చేసి ఇంగువ లేదని చెబితే నేనేం గుర్తుపెట్టుకోను?

కీప్‌లో ఒక నోటు తెరిచి, టిక్ బాక్సులు పెట్టి, ఇంట్లోవాళ్ల జీమెయిల్ ఐడీలు కొలాబరేటర్లుగా చేర్చాను. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఒకటే చీటీ. ఒకరు రాసింది ఇంకొకరికి కనిపిస్తుంది, కొన్నాక టిక్ పెడితే ఆ వస్తువు కిందకి వెళ్లిపోతుంది. అత్తయ్య ఫోన్లో టైపు చెయ్యరు. "ఒసేయ్, మినపగుళ్లు అయిపోవచ్చాయి, రాయి" అని మనవరాలికి చెబుతారు. అది కీబోర్డు మీద మైకు నొక్కి ఆవిడ నోటి దగ్గర పెడుతుంది. తెలుగులో చెప్పింది తెలుగులోనే పడుతుంది. ఈ ఒక్కదానికే యాప్‌కి రెండు మార్కులు ఇస్తాను.

అసలు నాకు ఎక్కువ కలిసొచ్చింది వారం వంటల నోటు. అందులో నాది ఒకటే పద్ధతి: ఏది ముందు వాడిపోతుందో అది ముందు వండెయ్యాలి. కూరగాయలు ఆదివారం పొద్దున పటమట రైతు బజారు నుంచి వస్తాయి. ఆ పూట ఎలాగూ చేపలో, కోడికూరో. గోంగూర సోమవారం పప్పులోకి, తోటకూర మంగళవారం వేపుడుకి వెళ్లిపోవాలి. బుధవారం బెండకాయ, అంతకంటే ఆగితే దానికి జిగురు తప్ప ఏమీ మిగలదు. గురువారం వంకాయ, శుక్రవారం దొండకాయ. శనివారానికి దోసకాయ పప్పు, కంద వేపుడు. ఆ రెండూ వారమంతా బుట్టలో ఉన్నా చెడవు, ఉల్లిపాయ లేకపోయినా రుచికి లోటుండదు, అత్తయ్య మడికీ ఇబ్బంది లేదు. రోజు పక్కనే క్యారేజీలోకి ఏది వెళ్తుందో రాస్తాను. పులుసు కూర ఉన్న రోజు మావాడికి విడిగా వేపుడు పెట్టాలి. లేకపోతే మూత ఊడి పుస్తకాలన్నీ పులుసే.

బజారుకి వెళ్లేది మా ఆయన. అక్కడ ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కదా, వంకాయ మండిపోతుంటే ఆయన అక్కడే చీటీలో వంకాయ కొట్టేసి సొరకాయ రాస్తారు. ఇంట్లో కూర్చున్న నేను గురువారం కూర మార్చేసుకుంటాను. ఫోన్ చేసి "ఏం తెమ్మంటావు" అని అడగడం పోయింది. సిగ్నల్ లేని చోట కూడా నోటు తెరుచుకుంటుంది, నెట్ వచ్చాక మార్పులు మిగతావాళ్లకి చేరతాయి. 1999లో రైతు బజార్లు పెట్టినప్పటి నుంచీ సంచి పట్టుకుని వెళ్లిన మనిషి మా అత్తయ్య. ఆవిడకి మాత్రం ఫోన్ చూసి కూరగాయలు కొనడం ఇప్పటికీ వింతే.

నెల సరుకులకి ఇంకో నోటు. వాటికి వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వైపు వెళ్తాం. కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, నూనె, సబ్బులు, ప్రతి నెలా అవే కాబట్టి మళ్లీ రాసే పని లేదు. మెనూలో టిక్కులన్నీ ఒకేసారి తీసేసే ఆప్షన్ ఉంది. అది నొక్కి, ఇంట్లో ఉన్నవాటికి టిక్ పెట్టేస్తే మిగిలినవే కొనాల్సినవి. బియ్యం లైనులో "26 కిలోలు" అని ఉంటుంది. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక బస్తా ఒక కిలో లావెక్కింది మరి.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఇది లెక్కలు వెయ్యదు. ధరలు రాసుకున్నా మొత్తం కూడదు. ఇద్దరు "పంచదార" రాస్తే రెండు లైన్లుగానే ఉంచుతుంది. ఎన్ని కిలోలో మనమే పక్కన రాసుకోవాలి. నెల ఖర్చు పైసలతో సహా చూసుకునేవాళ్లకి ఇది చాలదు. మాకు అంత ఓపిక లేదు కనక సరిపోయింది.

పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లు ఉండగా చీటీలెందుకని మావాడి వాదన. కొత్తిమీర కట్ట కోసం అవి తెరిస్తే, డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికని చిప్సు ప్యాకెట్లు కూడా వస్తాయి. వాడి వాదన వెనకున్నది ఆ చిప్సే.

మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. నోటు ఎవరి అకౌంట్‌లో తెరిస్తే అది వాళ్లది. వాళ్లు డిలీట్ చేస్తే అందరికీ పోతుంది. ట్రాష్‌లో 7 రోజులు ఉంటుంది, ఆలోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకని ఇంట్లో ఫోన్‌ని తక్కువ కెలికే మనిషి అకౌంట్‌లో తెరవండి. మా ఇంట్లో అయితే పిల్లల అకౌంట్‌లో మాత్రం కాదు.