అద్దకం నీటికి సూక్ష్మజీవుల ట్యాంకులు, కరెంటు ప్లేట్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్ కాటేదాన్‌లోని మా చిన్న యూనిట్‌లో నూలు గుడ్డకు రియాక్టివ్ రంగులు (నూలుతో రసాయనికంగా అతుక్కునేవి) అద్దుతాం. గుడ్డకు పట్టని రంగు, వేసిన ఉప్పు మొత్తం నీటిలోనే మిగిలిపోతాయి.

మొదట్లో కరెంటు ప్లేట్ల యూనిట్ ఒక్కటే చాలని అమ్మినవారు చెబితే నమ్మాం. ఇనుప ప్లేటు కరిగి హైడ్రాక్సైడ్ తెట్టుగా మారి, రంగును పట్టుకుని, హైడ్రోజన్ బుడగలతో పైకి తేలుతుంది. గాజు గ్లాసులో పట్టి చూస్తే ముదురు నీలం నీరు అరగంటలో లేత పసుపుకు దిగుతుంది. అయితే ల్యాబ్ నివేదికలో సీఓడీ (నీటిలోని సేంద్రియ మురికిని చెప్పే అంకె) మాత్రం అనుకున్నంత తగ్గలేదు, ఎందుకంటే గుడ్డ నుంచి గంజి తీసేటప్పుడు నీటిలో కరిగిపోయిన చక్కెరలు ఆ తెట్టుకు చిక్కవు. పైగా మూడు నెలలకే ప్లేట్ల మీద పొర కట్టి కరెంటు బిల్లు పెరిగింది.

రెండో ఏడాది ప్లేట్లకు ముందు రెండు ట్యాంకులు కట్టించాం. మొదటిదాంట్లో పేడనీళ్లు కలిపి, గాలి తగలకుండా మూసి, పీహెచ్‌ను (ఆమ్ల, క్షార స్థాయిని) 7 దగ్గరకు దించిన నీటిని కొద్దికొద్దిగా పోస్తూ పేడలోని సూక్ష్మజీవులకు అలవాటు చేశాం. అక్కడి సూక్ష్మజీవులు గంజినీటినే ఆహారంగా తీసుకుని, అజో రంగులో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉన్న బంధాన్ని తెంచుతాయి. రంగు విరుగుతుంది గానీ ఏరోమాటిక్ అమీన్లు అనే రసాయనాలు పుడతాయి, వాటిలో కొన్ని అసలు రంగుకన్నా హానికరం. వాటిని విరగ్గొట్టేందుకే గాలి ఊదే రెండో ట్యాంకు. కాబట్టి ఖర్చు తగ్గుతుందని బ్లోయర్ (గాలి ఊదే యంత్రం) ఉన్న ఆ ట్యాంకును మానేయమని ఎవరు చెప్పినా దయచేసి ఒప్పుకోకండి. కరెంటు పోతే మేము జనరేటర్‌ను ముందు బ్లోయర్‌కే కలుపుతాం.

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది కుళ్లిన గుడ్ల వాసన. అద్దకంలో వాడే గ్లాబర్ ఉప్పు (సోడియం సల్ఫేట్)లోని సల్ఫేట్‌ను మూసిన ట్యాంకు హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తోందని తెలియడానికి ఆరు నెలలు పట్టింది. మామూలు ఉప్పుకు మారాక వాసన బాగా తగ్గింది, క్లోరైడ్ వల్ల ప్లేట్ల మీద పొర కూడా పలచబడింది. ఇప్పుడు ప్లేట్ల ప్లస్, మైనస్ ధ్రువాలు మార్చుతూ నడిపితే గీకే పని నెలకు ఒకసారే ఉంటోంది.

ఇన్ని చేసినా ఉప్పు ఈ రెండు పద్ధతులకూ లొంగదు. నీరు తేటగా కనిపిస్తున్నా టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మోతాదు) మీటరు దాదాపు లోపలికి వచ్చినప్పటి అంకెనే చూపుతుంది, అందుకే ఉప్పు ఎక్కువగా ఉండే మొదటి అద్దకం నీటిని ఇప్పుడు విడిగా పట్టి ఆవిరి చేయిస్తున్నాం.