షాజీరా డబ్బులు తీసుకుని కలోంజీ పంపుతున్నారు, బిర్యానీ దినుసులు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు జాగ్రత్త

మసాలా దినుసులు ఆన్‌లైన్‌లో అమ్మే ఆ అంగడి ఏదో మీలో చాలామందికి తెలుసు. పండగలకి ముందు అందరం దినుసులు తెప్పించుకునేది అక్కడే కాబట్టి పేరు రాయక్కర్లేదు. ఈసారి పార్సిల్‌లో షాజీరా, జాపత్రి రెండూ మారిపోయి వచ్చాయి. బిల్లులో మాత్రం షాజీరా అనీ జాపత్రి అనీ శుభ్రంగా రాసి, వాటి ధరే వేశారు. విప్పితే షాజీరా ప్యాకెట్‌లో నాన్ మీద చల్లే నల్ల గింజ కలోంజీ, జాపత్రి ప్యాకెట్‌లో రాంపత్రి అనే అడవి జాతి జాపత్రి.

సరుకు లేకపోవడం తప్పు కాదు. కశ్మీర్ నుంచీ, హిమాచల్‌లోని కిన్నౌర్ లాంటి చలి కొండల నుంచీ వచ్చే గింజ షాజీరా. 2019లో హిమాచలీ కాలా జీరాకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏడాది పొడవునా ఒకేలా దొరకదు, ధర ఎక్కువ, అదంతా అర్థం చేసుకోగలం. "స్టాక్ లేదు, బదులు ఏం పంపమంటారు" అని ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

అంగడికి ఫోన్ చేసి అడిగితే వచ్చిన సమాధానం ఇది: "అదీ నల్ల జీలకర్రే, ఇదీ నల్ల జీలకర్రే. బిర్యానీలో పడ్డాక ఎవరికి తెలుస్తుందండీ?" మసాలా దినుసులు అమ్ముకుని బతికే మనిషి నోటి నుంచి వచ్చిన మాట. పొరపాటున వేరేది వచ్చింది, మార్చి పంపుతాం అంటే సరిపోయేది. ఎవరికి తెలుస్తుంది అన్నాడంటే, తెలిసే మార్చాడని అర్థం. పైగా విప్పిన ప్యాకెట్ వెనక్కి తీసుకోరట. విప్పి చూడకుండా, వాసన పట్టకుండా లోపల ఉన్నది షాజీరానో కాదో ఎవరైనా ఎలా చెప్పగలరు?

తినేవాళ్లకి తెలుస్తుంది. ఎలాగో చెప్తాను.

షాజీరా మామూలు జీలకర్ర కుటుంబంలోదే. గింజ ఇంకా సన్నగా, పొట్టిగా, కాస్త వంపు తిరిగి ఉంటుంది. ముదురు గోధుమ రంగు, గింజ పొడవునా లేత గీతలు. అరచేతిలో వేసి నలిపితే జీలకర్ర వాసన చాలా మెత్తగా, కొంచెం తియ్యగా వస్తుంది. కలోంజీకి ఈ కుటుంబంతో సంబంధమే లేదు. బొగ్గులా నల్లగా, మూడు మూలలతో, గీతలు లేకుండా ఉంటుంది. నలిపితే వాము, మిరియం, ఉల్లి కలిసినట్టు ఘాటు. నమిలితే చేదు. నాన్ మీద చల్లినా, బెంగాలీల పాంచ్ ఫోడన్ పోపులో వేసినా అది గొప్ప దినుసే, నాకు దాని మీద కోపం లేదు. కానీ కచ్చి బిర్యానీ ఎసరులో దానికి చోటు లేదు.

కిలో బాస్మతికి ఎసరులో ఒక టీస్పూన్, మాంసం నానబెట్టేటప్పుడు ఇంకో అర టీస్పూన్ షాజీరా వేస్తాం. అంత కొంచెమే ఎందుకంటే దాని పని ముందుకు రావడం కాదు, అన్నానికి అడుగున ఒక తీపి వాసన పరచడం. అదే కొలతకి కలోంజీ పడితే చేదు మెతుకు మెతుకుకీ పడుతుంది. వేయించిన ఉల్లిపాయ ఘుమఘుమ ఎలాగూ ఉంటుంది, దాని మీద ఇదొక పచ్చి ఉల్లి వాసన వచ్చి కుంకుమపువ్వునీ పుదీనానీ కప్పేస్తుంది. తెల్లటి మెతుకుల మధ్య నల్ల నల్లగా అంటుకుని కనబడుతుంది కూడా. మసాలాలో నూరి కలిపితే ఇంకా దారుణం, చేదు మొత్తం గ్రేవీలోకి దిగిపోతుంది, ఇక తీయలేం.

రెండోది రాంపత్రి. ఇది కలోంజీ కన్నా పెద్ద మోసం, ఎందుకంటే రూపం దగ్గరగా ఉంటుంది. జాపత్రి అంటే జాజికాయ గింజ చుట్టూ వల లాగా ఉండే పొర, పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రగా ఉండి ఎండాక లేత నారింజ రంగుకి వస్తుంది. గోటితో గిచ్చితే కొంచెం నూనె తగలాలి, వాసన వెంటనే రావాలి. రాంపత్రి పడమటి కనుమల్లో పెరిగే అడవి జాతి చెట్టుది. రంగు ముదురు ఎరుపు, రేకులు సన్నగా పొడుగ్గా ఉంటాయి, నలిపినా వాసన దాదాపు ఉండదు. పొడి చేసి అమ్మితే కళ్లతో పట్టుకోవడం కష్టం, అందుకే జాపత్రి ఎప్పుడూ పొడిగా కొనకండి. ఇది "దగ్గరి సరుకు" కాదు. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లోనే జాపత్రిలో రాంపత్రి (బాంబే జాపత్రి అన్నా ఇదే) కలవకూడదని స్పష్టంగా ఉంది. అంటే అది జాపత్రి పేరుతో అమ్మడం రుచి గొడవ మాత్రమే కాదు, నిబంధన తప్పడం. దాల్చినచెక్కకీ, దాని పేరుతో అమ్మే కాసియా చెక్కకీ కూడా వేరు వేరు ప్రమాణాలు ఉన్నాయి. పలుచగా, పొరలు పొరలుగా, చుట్ట చుట్టుకుని ఉండేది దాల్చిన. మందంగా, ఒకే పొరగా, గట్టిగా ఉండేది కాసియా. కాసియాలో కుమారిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ పొడి చేసుకుని తాగేవాళ్లకి అది కాలేయానికి హాని చేయొచ్చు. మసాలాలో ఒక ముక్క వేస్తే పర్వాలేదు, కానీ ఏది కొంటున్నామో మనకి చెప్పాలి.

ఇంకా భయం వేసేది అనాసపువ్వు విషయంలో. మనం వాడేది చైనా, వియత్నాం నుంచి వస్తుంది. అచ్చం అలాగే ఉండే జపాన్ జాతి ఒకటి ఉంది, అది విషం. దాంట్లోని అనిసాటిన్ అనే విషపదార్థం వల్ల వాంతులు, ఫిట్స్ వస్తాయి. 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనాసపువ్వు టీలు తాగవద్దని, ముఖ్యంగా పసిపిల్లలకి పట్టవద్దని హెచ్చరించింది కూడా. జపాన్ జాతి కాయ కొంచెం చిన్నది, రేకుల కొనలు వంకర తిరిగి ఉంటాయి, సోంపు వాసన రాదు. అయినా ఎండాక చూపుతో కచ్చితంగా తేల్చలేం. అందుకని సోంపు వాసన రాని అనాసపువ్వు ఎవరిచ్చినా వాడకండి. దినుసు మార్చి పంపడం అలవాటైన అంగడిలో ఇది కొనకపోవడమే మంచిది.

సరే, నిజంగానే దినుసు దొరకలేదు, రేపు వంట ఉంది, ఏం చేయాలి? బదులు ఏది వేయాలో నిర్ణయించాల్సింది వండేవాళ్లు, అమ్మేవాళ్లు కాదు. షాజీరా ఒక టీస్పూన్‌కి బదులు మామూలు జీలకర్ర అర టీస్పూన్, ఒక పచ్చ యాలక్కాయ చిదిమి. జీలకర్ర సగమే ఎందుకంటే దాని ఘాటు చాలా ఎక్కువ, సమానంగా వేస్తే జీరా రైస్ అయిపోతుంది. వేయించకండి, వేయిస్తే మాడు వాసన ముందుకొస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి షాజీరా అని క్యారవే అనే వేరే గింజ అంటగడుతుంటారు. చూడ్డానికి బాగా దగ్గర, వాసన మాత్రం సోయికూర వైపు పోతుంది. అదే ఉంటే పావు టీస్పూన్ దాటకండి.

జాపత్రి లేకపోతే జాజికాయ, రెండూ ఒకే కాయలోవి. కిలో మాంసానికి ఒక పువ్వు జాపత్రి వేసేచోట అప్పటికప్పుడు తురిమిన జాజికాయ పావు టీస్పూన్, అదీ దమ్ పెట్టే ముందు. ముందే వేస్తే వాసన ఎగిరిపోయి వగరు మిగులుతుంది. ఎక్కువ వేస్తే బాగుంటుందని వేయకండి, జాజికాయ ఐదు గ్రాముల దాకా ఒంట్లోకి పోతే తల తిరగడం, గుండె దడ లాంటివి వస్తాయి.

అనాసపువ్వు ఒకటికి అర టీస్పూన్ సోంపు, కచ్చాపచ్చాగా దంచి, పలుచటి గుడ్డలో మూటకట్టి వేయండి. రెండింట్లోనూ వాసన ఇచ్చేది ఒకటే, అనెథోల్ అనే పదార్థం. పచ్చ యాలకులు లేవని నల్ల యాలక్కాయ వేసేవాళ్లు నాలుగింటికి ఒకటి చాలు, పొగ మీద ఆరబెట్టింది కాబట్టి. పాయసంలో మాత్రం అస్సలు వద్దు. రాతి పువ్వు, మరాఠీ మొగ్గ దొరక్కపోతే వదిలేయండి. వాటికి దగ్గరగా వచ్చేది ఏదీ లేదు, ఇంకేదో వేసి చెడగొట్టడం కంటే లేకుండా వండటం మేలు. గసగసాలు దుబాయ్‌లో ఉన్నవాళ్లు ఊరి నుంచి తీసుకెళ్లనే కూడదు, అక్కడ నిషేధం. కూర చిక్కదనానికి అంతే బరువు జీడిపప్పు, పుచ్చగింజలు సగం సగం నూరితే సరిపోతుంది. నువ్వులు వేసేటట్టయితే తినేవాళ్లలో ఎవరికైనా పడదేమో ముందు అడగండి. చెప్పకుండా మార్చి పంపడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది.

కొనేటప్పుడు: ఆర్డర్ పేజీలో "లేకపోతే బదులు పంపండి" అన్న గడిలో టిక్ తీసేయండి. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీయండి, బిల్లు పారేయకండి. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందో లేదో చూడండి. డబ్బులు వెనక్కి ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు తీసుకుంటారు.

ఆ అంగడి నుంచి ఇప్పటికే తెప్పించుకున్నవాళ్లు ఈరోజే డబ్బా తీసి చూడండి. కలోంజీ ఎసరులో పడిపోయి ఉంటే బియ్యం వేయకముందే వడగట్టేయండి, ఆ నీళ్లు పారబోసి కొత్త ఎసరు పెట్టండి. నానబెట్టిన మాంసంలో గింజలుగానే పడితే పెద్దగా చేదెక్కదు, కనబడినంత వరకు ఏరేసి, వండేటప్పుడు ఇంకో అర కప్పు పెరుగు కలపండి. నూరి కలిపేసి ఉంటే మాత్రం ఆ మసాలా పక్కన పెట్టేసి మళ్లీ కొత్తగా నూరుకోవాల్సిందే.