హీబ్రూ మాటల్లో క్రీస్తును వెతకాలంటే ఏ దారి మేలు?

మా చిత్తూరు వైపు కొన్ని ఇళ్లల్లో తెలుగు బైబిలు పక్కనే తమిళ బైబిలు కూడా ఉంటుంది. ఇప్పుడు వాటికి తోడు ఫోన్లోకి పాత నిబంధన మూలభాష హీబ్రూ వచ్చి చేరింది. యూత్ మీటింగులో ఎవరో ఒకరు లేచి "అన్నా, హీబ్రూలో దీనికి వేరే అర్థం ఉందంట కదా" అంటారు. ఆ 'అంట' ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తే మూడు దారులు తేలతాయి. అక్షరాల్లోంచి గూఢార్థం లాగేది ఒకటి. యాప్‌లో నంబరు నొక్కి అర్థాలు చూసుకునేది ఇంకొకటి. ఒక మాట ఏయే కథల్లో వచ్చిందో దాని వెంబడే పోయేది మూడోది.

మొదటిదానికే వ్యూస్ ఎక్కువ. ఆదికాండం మొదటి వచనంలో అనువాదకులు వదిలేసిన చిన్న మాట ఒకటుందని చెబుతారు, "ఎత్" అని. ఆలెఫ్, తౌ అనే రెండక్షరాలు. 119వ కీర్తన శీర్షికల్లో మనం చూసేవే, హీబ్రూ వరుసలో మొదటిదీ చివరిదీ. ప్రకటన గ్రంథంలో "అల్ఫాయు ఓమెగయు నేనే" (గ్రీకు వరుసలో మొదటిదీ చివరిదీ) అన్న ప్రభువు ఇక్కడే దాగి ఉన్నాడంటారు. వినగానే ఒళ్లు పులకరిస్తుంది, కాదనను. అయితే ఆ "ఎత్" చేసేది మన ద్వితీయా విభక్తి పని. "భూమ్యాకాశములను సృజించెను" అన్నప్పుడు చివర ఉన్న "ను" అదే. ఎవరూ వదిలేయలేదు, కళ్లెదుటే ఉంది. పైగా నాలుగో అధ్యాయంలో హవ్వ "కయీనును కని" అన్నచోట కూడా అదే ఎత్ వస్తుంది. ఆకాశం ముందున్నది క్రీస్తయితే కయీను ముందున్నది ఎవరు? ఆ వీడియోలు ఇంత దూరం రావు.

హీబ్రూలో యెహోవా పేరులో వచ్చే వావ్ అనే అక్షరానికి మేకు అని అర్థం, కాబట్టి ఆ నామంలోనే సిలువ మేకు ఉంది అనేదీ ఇలాంటిదే. వావ్ అంటే కొక్కెం, నిజమే. అక్షరాల రూపాలు ఒకప్పటి బొమ్మల నుంచి వచ్చాయన్నదీ నిజమే. కానీ యెషయా బొమ్మలు పేర్చి ప్రవచనం రాయలేదు, మాటలతో రాశాడు.

రెండో దారి చాలా నయం. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో వేసిన బైబిలు పదసూచికలో ఒక్కో మూల పదానికి ఇచ్చిన నంబర్లే మన యాప్‌లలో ఇప్పటికీ నడుస్తున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ సండే స్కూల్ చెప్పేవాళ్లకు అంతకంటే సులువైనది లేదు. చిక్కల్లా ఒకటే. పట్టీలో ఆరు అర్థాలుంటే మన ప్రసంగానికి ఏది సరిపోతుందో దాన్నే ఏరుకుంటాం. ఇంకాస్త ఉత్సాహం ఉన్నవాళ్లు ఆరింటినీ ఒకే వచనంలో కుక్కేస్తారు.

నా ఓటు మూడోదానికి. "గోయేల్" అనే మాట తీసుకోండి. లేవీయకాండం 25లో ఒకడు బీదవాడై పొలం అమ్ముకుంటే దగ్గరి బంధువు వచ్చి విడిపించాలి. ఆ పని చేసేవాడు గోయేల్. మన పల్లెల్లో తాకట్టులో పోయిన మడిచెక్కను అన్నదమ్ముల్లో ఒకరు డబ్బు కట్టి విడిపించుకొస్తే ఊరంతా ఎలా చెప్పుకుంటుందో తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రూతు కథలో బోయజు ఆ గోయేలే, మన బైబిల్లో "బంధువుడు". యోబు 19లో "నా విమోచకుడు సజీవుడు" అన్నచోటా హీబ్రూలో గోయేలే. తెలుగులో రెండు వేరే మాటలు కావడంతో ఆ లంకె కనబడదు. తమిళం తిరగేసినా అంతే, రూతులో సుదందరవాళి, యోబులో మీట్పర్. హీబ్రూ నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

ఇప్పుడు హెబ్రీయులకు రాసిన పత్రిక 2:14 చదవండి. మనల్ని విడిపించడానికి ఆయన కూడా రక్తమాంసాలలో "పాలివాడాయెను". విడిపించాలంటే ముందు బంధువు కావాలి కదా, అందుకే ఆయన మనిషిగా పుట్టడం తప్పనిసరైంది. (పాలివాడు అనగానే మనకు పాలోళ్లు, దాయాదులు గుర్తొస్తారు. అది తెలుగు చేసిన ఉపకారం, గ్రీకులో ఉన్నది 'పాలుపొందాడు' అనే. దానిమీద సిద్ధాంతం కట్టొద్దు.)

ఈ దారిలో నొప్పి కూడా ఉంది. "కన్యక గర్భవతియై" అని మనం చదివే యెషయా 7:14లో హీబ్రూ మాట "అల్మా", అంటే పెళ్లీడు పిల్ల. క్రీస్తుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదం అక్కడ "పార్థెనోస్", అంటే కన్య అంది. మత్తయి ఎత్తి రాసింది ఆ గ్రీకు మాటే. కాబట్టి "హీబ్రూలోనే కన్య అని కచ్చితంగా ఉంది" అని మైకులో అరిస్తే, హీబ్రూ వచ్చిన యూదుడు ఒక్క నిమిషంలో ఆపేస్తాడు. మత్తయి సాక్ష్యం మీద ఆనుకొని చెబితే ఆ టెన్షన్ ఉండదు. ఆ వచనంలో క్రైస్తవ అర్థాన్ని స్పష్టంగా చూపించింది అపొస్తలుడు, ఒంటరిగా నిలబెట్టిన హీబ్రూ పదం కాదు.

హీబ్రూ వ్యాకరణమే కూర్చుని నేర్చుకుంటే అన్నిటికంటే మేలు, ఓపికా తీరికా ఉన్నవాళ్లకు. మిగతావాళ్లు రూతు నాలుగు అధ్యాయాలతో మొదలుపెట్టొచ్చు. యాప్‌లో గోయేల్ నంబరు 1350 నొక్కండి. అర్థాల పట్టీ మూసేసి, ఆ మాట వచ్చే వచనాల జాబితా తెరవండి. సంఖ్యాకాండం 35లో హతుడి తరఫున పగ తీర్చుకునేవాడు కూడా గోయేలే. దాన్ని దాటేయకుండా చదివి, అప్పుడు అదే మాట ఉన్న 19వ కీర్తన చివరి వచనానికి రండి.