ఆరేసుకోవడానికి మేడ ఉందా? – పాటూరు, వెంకటగిరి, ఉదయగిరి, మార్కాపురం

కాగితాలు, రంగులు, గుడ్డముక్కలు వెంటపెట్టుకొని తిరిగేవాళ్లు బస చూసుకునే లెక్క మామూలు యాత్రికుల లెక్క కాదు. గదిలో ఏసీ ఉందా, టీవీ ఉందా అన్నదానికన్నా పగటి వెలుతురు పడే బల్ల ఉందా, బకెట్టులో రంగు కలుపుకోనిస్తారా, తడి గుడ్డ ఆరేసుకోవడానికి మేడ మీదికి వెళ్లనిస్తారా అన్నవే మాకు ముఖ్యం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వైపు నేత, కొయ్యపని, పలకల పని జరిగే ఊళ్లను నేనూ, మా చెల్లెలూ, దాని కూతురూ కలిసి ఈ మాఘమాసంలో చూసి వచ్చాం. చీరలు కొనడం మా ఉద్దేశం కాదు. అక్కడి పనివాళ్లు పక్కన పడేసే అట్టలు, పోగులు, చెక్కముక్కలు, రాతిపెచ్చులు అడిగి తెచ్చుకొని, వాటితో ఆడుకుంటూ ఏమేం చేయవచ్చో చూడాలన్నదే మా కోరిక. కాబట్టి ఏ ఊరు ఇందుకు ఎంతవరకు అనుకూలిస్తుందో, ఎక్కడ దిగితే సుఖమో వివరంగా రాస్తున్నాను. వెంకటగిరి 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయినా, నెల్లూరు నుంచి వెళ్లేవాళ్లకు అది ఇప్పటికీ నెల్లూరు ఊరే.

మొదట నెల్లూరులో బస్టాండు దగ్గరి ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, పడకలు బాగున్నాయి, పొద్దున్నే వేడినీళ్లు ఇచ్చారు. కానీ మేడ మెట్లకు తాళం వేసి ఉంచారు. నీళ్ల ట్యాంకులున్నాయి గనుక ఎవరినీ పైకి పంపమన్నారు. అంతకన్నా పెద్ద ఇబ్బంది నీళ్లతో వచ్చింది. గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీని మేమూ చేసి చూద్దామనుకున్నాం. అందులో గుడ్డను ముందుగా కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని జిడ్డు వల్ల సిరా అంచులు దాటి పాకదు, కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లబడుతుంది. సిరా కోసం తుప్పుపట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి వారాలపాటు పులియబెట్టిన నీళ్లను ఇంటి దగ్గర నుంచే సీసాలో తీసుకువెళ్లాం. ఆ లాడ్జి బోరునీళ్లలో కరక్కాయ కలిపి గుడ్డ ముంచేసరికి, మేమింకా కలం పట్టకముందే గుడ్డంతా బూడిదరంగుకు తిరిగింది. నీళ్లలోనే ఇనుము ఉందన్నమాట. కౌంటరు దగ్గర చెబితే, స్నానానికి ఇబ్బందేమీ లేదు కదా అని ఊరుకున్నారు. వాళ్ల దృష్టిలో అది నిజమే కావచ్చు గానీ, ఈ పని మీద వెళ్లేవాళ్లు గది తీసుకునే ముందు ఒక గ్లాసు నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి వేసి చూసుకోవడం మంచిది. నీళ్లు నల్లబారితే ఆ గది మనకు పనికిరాదు.

అక్కడి నుంచి మారి, పెన్న ఒడ్డు వైపు ఒక కుటుంబం తమ ఇంటి పై అంతస్తులో అద్దెకిచ్చే గదిలోకి వెళ్లాం. అద్దె లాడ్జికన్నా కొంచెం ఎక్కువే, భోజనం బయటే చేయాలి, రాత్రి తొమ్మిది దాటితే గేటు వేసేస్తారు. అయినా ఈ పనికి అంతకన్నా మంచి బస దొరకదు. మున్సిపాలిటీ నీళ్లు కరక్కాయ పరీక్షకు నిలబడ్డాయి. మేడ మీద రెండు పొడవాటి దండేలున్నాయి. ఇంటావిడ మా గుడ్డలు, సీసాలు చూసి, "మా వడియాలు పదకొండుకల్లా తీసేస్తానమ్మా, ఆ తర్వాత మేడంతా మీదే అనుకోండి" అన్నారు. ఆ పూటే కరక్కాయ గుడ్డ మళ్లీ తయారుచేసి, వెదురుపుల్లకు గుడ్డ చుట్టి కట్టిన కలంతో గీత గీశాం. కలం తాకినప్పుడు లేత గోధుమరంగులో ఉన్న గీత, చూస్తుండగానే మొదలు నుంచి చివరి దాకా నల్లబడుతూ వెళ్లింది. అది చూడడం కోసమే మా అమ్మాయి బొమ్మ ఊసే మరిచి గుడ్డ నిండా ఉత్త గీతలే గీసింది. అదే కరక్కాయ నీళ్లు పూసి ఆరబెట్టిన డ్రాయింగు కాగితం మీద కూడా గీత అంతే నల్లగా వస్తుంది. కాకపోతే పాలు కలపని కాగితం మీద గీత అంచులు కొంచెం ఈకలు తీస్తాయి, చెట్ల బొమ్మలకు అదే అందంగా ఉంటుంది.

కోవూరు దగ్గరి పాటూరు నెల్లూరుకు చాలా దగ్గర. ఆటోలో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు, అక్కడ బస అవసరం లేదు. వీధిలోకి వెళ్తుంటేనే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. చీరలు చూపించమని అడగడం లేదని తెలిశాక మొదట కొంత అనుమానంగా చూశారు గానీ, మగ్గం మీద బొమ్మలు నేయడానికి వాడే చిల్లుల అట్టలు, అంటే పాత జకార్డు అట్టలు కావాలని చెప్పగానే ఒక పెద్దాయన చూరు కిందినుంచి ఒక కట్ట తీసి దులిపారు. "చిల్లులు చినిగిపోయినాయమ్మా, ఇంక మగ్గానికి ఎక్కవు. ఏం జేసుకుంటారు వీటిని?" అన్నారు. ఒక్కొక్క అట్ట పేకలో, అంటే అడ్డపోగుల్లో, ఒక్కొక్క వరసకు ఆజ్ఞ లాంటిది: చిల్లి ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దానికి సంబంధించిన నిలువు పడుగు పోగులు పైకి లేస్తాయి, చిల్లి లేనిచోట అవి కిందనే ఉంటాయి. ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన 1804లో చేసి చూపిన ఆ పద్ధతే పాటూరు గుంటమగ్గం పైన ఇప్పటికీ పనిచేస్తోంది. పెద్దాయన అట్టలను వరుసగా దారంతో కుట్టి గొలుసుగా ఎలా తిప్పుతారో చూపించి, మామిడిపిందె మొదలయ్యే అట్టను, ముగిసే అట్టను వేలితో గుర్తుపట్టి చెప్పారు. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. అట్టలకు డబ్బులు తీసుకోనన్నారు గనుక, ఆయన ఇంట్లో నేసిన రెండు తువ్వాళ్లు కొన్నాం. ఇలా వెళ్లేవాళ్లు ఏదో ఒకటి కొని రావడం ధర్మం, ఎందుకంటే మనతో మాట్లాడినంతసేపూ మగ్గం ఆగే ఉంటుంది, కూలీ కూడా ఆగిపోతుంది.

ఆ అట్టలతో చేసిన పసుపు అచ్చులే ఈ యాత్ర మొత్తంలో నాకు ఎక్కువ ఆనందాన్నిచ్చాయి. పసుపును మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో కలిపి, వడగట్టి, మందపాటి కాగితం మీద వెడల్పు కుంచెతో చీకటి గదిలో పూసి ఆరబెట్టాలి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుందని పసుపు బట్టలు ఆరేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ వెలిసిపోవడమే ఇక్కడ మన పనిముట్టు. కాగితం మీద జకార్డు అట్ట పరిచి, పైన గాజుపలక పెట్టి, మేడ మీద ఎండలో వదిలేశాం. మాఘమాసమైనా నెల్లూరు ఎండకు మూడు నాలుగు గంటలు సరిపోయింది. అట్ట తీస్తే చిల్లులున్న చోట కాగితం పాలిపోయి, మిగతా చోట పసుపుగానే ఉంది, కానీ తేడా అంత స్పష్టంగా లేదు. అప్పుడు సున్నపుతేట తీసి పైన కుంచెతో పూశాం. పసుపు మిగిలిన చోటంతా పారాణి ఎరుపుకు తిరిగింది, చిల్లుల చోట లేత చుక్కలు తేలాయి. కాగితం మీద చుక్కలముగ్గు సిద్ధమైంది! ఆ చుక్కలు కలుపుతూ మా అమ్మాయి తెల్లరంగుతో మెలికల ముగ్గు వేసింది. మగ్గానికి మామిడిపిందెను నేర్పిన అట్ట, దాని చేతిలో ముగ్గుకు చుక్కలు పెట్టింది. ఈ అచ్చులు వెలుతురులో గోడకు తగిలిస్తే నిలవవు, పుస్తకంలో మూసి దాచుకోవలసిందే.

నెల్లూరులో తిండికి కొదవ లేదు. చేపల పులుసు, మలైకాజా గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కాగితాలు, దారాలు, రంగులు టోకున కావాలంటే స్టోన్‌హౌస్‌పేట వైపు వెళితే ఒక పూటలో అన్నీ దొరుకుతాయి.

వెంకటగిరికి రైల్లో వెళ్లాలంటే గూడూరు దగ్గర రేణిగుంట లైనులోకి మారాలి. మేం పొద్దున్నే బయలుదేరి వెళ్లి రాత్రికి తిరిగి వచ్చాం. ఊళ్లో దిగడానికి మాకు నచ్చిన చోటు కనిపించలేదు, అవసరం కూడా పడలేదు. వెంకటగిరిని ఏలిన వెలుగోటి రాజుల ఆదరణలో పెరిగిన నేత ఇది. నూరో నంబరు నూలుతో నేసిన చీర మడతపెడితే చేతి సంచిలో ఇమిడిపోతుంది. నూరో నంబరు అంటే, 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు కలిపి తూస్తే ఒక్క పౌండు బరువు తూగేంత సన్నని నూలు. చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక విద్య నేర్పే సంస్థ కూడా ఈ ఊళ్లోనే ఉంది. వీధుల్లో షోరూములు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిచోట్ల చీర కొనేవరకు మగ్గం చూపించడానికి మొహమాటపడ్డారు. వీధి లోపలికి వెళ్లి, నేసేవాళ్ల ఇళ్ల దగ్గరే అడగడం మేలు.

మేం చూసింది జాందానీ పని. చీర కొంగు మీద హంసను, మామిడిపిందెను నేసేటప్పుడు ఆ బొమ్మ ఉన్నంత మేరకే రంగుపోగును చిన్న కండెతో పడుగులోకి చేత్తో దూర్చి, అంచు రాగానే వెనక్కి తిప్పుతారు. వెనక వేలాడే పోగులుండవు, కాబట్టి బొమ్మ రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. వెడల్పు కొంగుకు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. ఒక మాట కూడా అనుకోకుండా ఇద్దరి చేతులూ ఒకే వరుసలో ముగుస్తుంటే మేం అలాగే చూస్తూ ఉండిపోయాం. అక్కడ కూర్చున్న ఒకావిడ మా నోటుపుస్తకం తీసుకొని, గళ్ల కాగితంలో హంస మెడను గడి గడిగా నింపి చూపించి, "వంపు తిరిగేకాడ ఒకేసారి రెండు గళ్లు దాటకూడదు తల్లీ, మెడ విరిగినట్టు అగపడతాది" అని మా అమ్మాయికి చెప్పారు.

ఆ మాట పట్టుకొని గదికి వచ్చాక కాగితంతో జాందానీ ప్రయత్నించాం. పెద్ద ట్రేసింగు కాగితాన్ని పై అంచు విడిచిపెట్టి నిలువుగా సన్నగా చీరితే అది పడుగు; అదే కాగితం నుంచి కోసిన అడ్డ చీలికలు పేక. ప్రతి పేక చీలికతో పాటు, బొమ్మ ఉన్న గళ్ల వరకే రంగుకాగితపు చీలికను దూర్చి, చివరలు లోపలికి మడిచి అతికించాం. వేలెడు వెడల్పు చీలికలతో నేసిన మామిడిపిందె మెట్లుమెట్లుగా మొద్దుగా వచ్చింది. చీలికలను సగం వెడల్పుకు తగ్గించాక వంపు కనిపించింది. నూలు నంబరు పెరిగేకొద్దీ బొమ్మ ఎందుకంత నునుపుగా వస్తుందో చేత్తో తెలిసింది. నేసిన కాగితాన్ని కిటికీకి ఆనిస్తే ట్రేసింగు కాగితం గుండా వెలుతురు వచ్చి, రంగు ఉన్న చోట ఆగుతుంది. చీరను ఎండకు పట్టి చూపినప్పుడు కనిపించిందీ అదే.

ఉదయగిరికి నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా బస్సులున్నాయి. దారి పొడవు, చివరికి వచ్చేసరికి కొండ కనిపిస్తూ బాగుంటుంది. అక్కడ బసలు సాదాసీదాగానే ఉన్నాయి, మాకు దొరికిన గదిలో బల్ల లేదు, కరెంటు కూడా పోతూ వస్తూ ఉంది. అయినా ఒక రాత్రి ఉండడం మంచిదే, కొయ్యచెంచాలు చేసే ఇళ్లలో పని పొద్దున పూట చూడాలి. పని చేసేవాళ్లలో ముస్లిం కుటుంబాల ఆడవాళ్లే ఎక్కువ. కాళ్లతో కొయ్యను అదిమిపట్టి, ఆకురాయితో గరిటె కాడకు జాలీ చెక్కుతూ మాట్లాడారు. మేం అడిగినవి చెక్క తునకలు, పగిలిన కాడలు. ఒక పెద్దావిడ వాటికి డబ్బులు వద్దన్నారు గానీ, మేం ఏం చేస్తామో చేసి పంపాలని షరతు పెట్టారు. జాలీ ఉన్న విరిగిన కాడలు గుడ్డ మీద అచ్చులుగా ఎంత బాగా పనిచేశాయో చెప్పలేను. రంగులో ముంచకుండా, స్పాంజికి రంగు పట్టించి దానిమీద అద్ది తీస్తే జాలీ పూడుకుపోకుండా ఒత్తుకుంటుంది. పాటూరు తువ్వాలు అంచుకు ఆ అచ్చులే వేసి, ఆ పెద్దావిడకు పోస్టులో పంపాం. గుండ్రని వీపున్న పెద్ద గరిటె ఒకటి మాత్రం మంచి ధర పెట్టి కొన్నాం, దాని సంగతి మార్కాపురంలో వస్తుంది.

శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో గెలుచుకున్న కోట కొండ మీద ఉంది. ఎక్కడానికి సమయం, నీళ్లు రెండూ దండిగా కావాలి. కింద పాడుబడిన రంగనాయకుల గుడి స్తంభాల దగ్గర బొమ్మలు వేసుకోవడానికి మంచి నీడ ఉంది. పాత శిల్పాల మీద కాగితం పరిచి మైనపు రంగులతో రుద్దడం మాత్రం దయచేసి ఎవరూ చేయవద్దు. అరిగిన రాయి ఇంకా అరుగుతుంది. కళ్లతో చూసి గీసుకోవడమే సరి.

రుద్దుకోవాలన్న సరదా మార్కాపురంలో కావలసినంత తీరుతుంది. ఉదయగిరి నుంచి పామూరు, కనిగిరి, పొదిలి మీదుగా వెళ్లాం. బస్సులు మారడం వల్ల అలసట తప్పలేదు. మార్కాపురంలో లాడ్జిలు ఉదయగిరికన్నా చాలా నయం, శ్రీశైలం వెళ్లేవాళ్లు ఆగే ఊరు గనుక గదులు సులువుగా దొరుకుతాయి. మా గది యజమాని మేడ తాళం అడిగిన వెంటనే చేతికిచ్చారు. ఒకప్పుడు మనందరం బలపంతో అక్షరాలు దిద్దిన పలకలు ఈ ఊరి రాతివే. పొరలు పొరలుగా చీలడం ఆ రాయి గుణం. ఫ్యాక్టరీల బయట పడేసిన పెచ్చుల మీద పల్చని కాగితం పరిచి మైనపు రంగు అడ్డంగా పట్టి రుద్దితే పొరల అంచులన్నీ గీతలుగా తేలతాయి. మా అమ్మాయి ఒక పెచ్చును తిప్పి తిప్పి నాలుగు రంగులతో రుద్ది, "పెద్దమ్మా, ఇది సముద్రం, ఇది దుర్గం కొండ" అని పేర్లు పెట్టింది. కోత యంత్రాల దగ్గరికి పిల్లలను తీసుకెళ్లవద్దు. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మేం బయటి కుప్పల దగ్గరే, మాస్కులు కట్టుకొని ఏరుకున్నాం.

నున్నటి పలకముక్క మీద మేకుతో హంసను గీకి, స్క్రీన్ ప్రింటింగు సిరాను చిన్న రబ్బరు రోలరుతో పల్చగా పరిచి, కొద్దిగా తడిపిన కాగితం వేసి, ఉదయగిరి గరిటె వీపుతో మధ్య నుంచి అంచులకు గుండ్రంగా రుద్దాం. నల్లని నేల మీద గీకిన గీతలు తెల్లగా వచ్చాయి. గరిటె కొన్నది ఇందుకే: యంత్రం లేకుండా అచ్చు తీసేవాళ్లకు కొయ్యగరిటె వీపుకు మించిన సాధనం లేదు, ఉదయగిరి గరిటె నునుపుకు కాగితం ఎక్కడా చినగలేదు. గీత లోతు తక్కువైన చోట సిరా పూడుకుపోయింది, కాబట్టి మేకును రెండుసార్లు నడిపించాలి.

పలకముక్కలు బరువెక్కువ, అంచులు పదును. వాటిని మేం పాత దుప్పట్లో ఒక్కొక్కటి విడిగా చుట్టి బస్సు పార్సిల్‌లో వేస్తే ఒంగోలుకు ఒక్కటీ పగలకుండా చేరాయి. అచ్చులు తీసిన కాగితాలు, పసుపు కాగితాలు మాత్రం అట్టపెట్టెలో పెట్టి చేతిలోనే తెచ్చుకోవాలి. సిరా పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది గనుక, మార్కాపురాన్ని యాత్రలో చివరి మజిలీగా పెట్టుకునేవాళ్లు బయలుదేరే రోజున అచ్చులు తీయకుండా ముందే తీసి ఉంచుకుంటే మంచిది.