ఓవర్‌సైజ్డా, ఒంటికి సరిపడేదా: టీషర్ట్ విషయంలో ఏది మేలు?

ఇంట్లో కాలేజీ వయసు పిల్లలుంటే ఈ గొడవ తెలియకుండా ఉండదు. మోచేతి దాకా జారే చేతులు, తొడల మీదికి వచ్చే టీషర్ట్, మడమల దగ్గర కుప్పపడే బ్యాగీ జీన్స్. "అదేం బట్టరా, గోనెసంచిలా?" అని పెద్దవాళ్లు. "హాయిగా ఉంటుంది నాన్నా" అని పిల్లలు. నా మొగ్గు పిల్లల వైపే. అయితే ఆ హాయి వెనక రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయి. ఒకటి ఒంటికి గాలి ఆడటం. రెండోది ఎదుటివాళ్ల చూపు నుంచి తప్పించుకోవడం. మొదటిదాన్ని గుడ్డ, కొలత చూసి తేల్చేయవచ్చు. రెండోదానికి కొంచెం లోపలికి వెళ్లి చూడాలి.

పోల్చేటప్పుడు రెండు కాదు, మూడు రకాలు తీసుకోవాలి. మొదటిది స్లిమ్ ఫిట్. ఛాతీ కొలత కంటే రెండు మూడు అంగుళాలే ఎక్కువ ఉండి ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. రెండోది వదులుగా ఉండేలాగే కత్తిరించిన ఓవర్‌సైజ్డ్. భుజం కుట్టు ఎముక దాటి కిందికి దిగుతుంది, ఛాతీ దగ్గర ఆరేడు అంగుళాల వదులు ఉంటుంది, కానీ మెడ పట్టీ బిగువుగా, పొడవు అదుపులో ఉంటాయి. డ్రాప్ షోల్డర్ అని అమ్మేది ఎక్కువగా దీన్నే. మూడోది మామూలు టీషర్ట్‌నే రెండు సైజులు పెద్దది కొనడం. డబ్బు కలిసొస్తుందని చాలామంది దీనికే వెళ్తారు. మూడింట్లో నేను వద్దనేది ఇదొక్కటే. మామూలు కట్‌లో సైజు పెరిగేకొద్దీ మెడ వెడల్పవుతుంది, పొడవు పెరుగుతుంది, చంక కిందికి దిగుతుంది. కొన్ని ఉతుకులకే మెడ సాగి ఒక భుజం మీదికి జారుతూ ఉంటుంది. రోజంతా దాన్ని సర్దుకోవడమే పనవుతుంది. బట్ట గురించి ఆలోచించకుండా ఉండటానికే కదా వదులుది వేసుకునేది!

ఇక ఎండ సంగతి. మన దేశంలో వదులు బట్ట కొత్తదేమీ కాదు. పంచె, లాల్చీ, లుంగీ, సల్వార్ అన్నీ ఒంటికీ గుడ్డకీ మధ్య గాలి తిరిగేలా ఉన్నవే. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, ఆవిరవ్వాలంటే గాలి కదలాలి. నడుస్తున్నప్పుడు వదులు గుడ్డ ఊగుతూ లోపలి వేడి గాలిని బయటికి నెడుతుంది. ఎడారుల్లో తిరిగే అరబ్ సంచార జాతివాళ్లైన బెడూయిన్లు నల్లటి వదులు అంగీలు ఎందుకు వేసుకుంటారో తేల్చడానికి 1980లో శాస్త్రవేత్తలు ఒక పరిశోధన చేసి 'నేచర్' పత్రికలో ప్రచురించారు. నల్ల అంగీ గుడ్డ ఎక్కువ వేడిని పీల్చుకున్నా, లోపల ఒంటికి తగిలే వేడి మాత్రం తెల్ల అంగీలో ఎంతో నల్లదాంట్లోనూ అంతే. అంగీ లోపల గాలి ఆడటమే అందుకు కారణం. నల్ల ఓవర్‌సైజ్డ్ టీషర్ట్‌తో మే నెలలో బయల్దేరే పిల్లాడిని రంగు చూసి తిట్టేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇప్పుడు మార్కెట్లో వస్తున్న ఓవర్‌సైజ్డ్ టీషర్ట్‌లు చాలావరకు 220, 240 జీఎస్ఎం గుడ్డతో కుడుతున్నారు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. మామూలు టీషర్ట్ 160 నుంచి 180 ఉంటుంది. మందపు గుడ్డ అయితే భుజం నుంచి నిటారుగా దిగుతుంది, ఫోటోలో ఆకారం బాగుంటుంది, అందుకే కంపెనీలకు అదంటే ఇష్టం. హైదరాబాద్ పొడి ఎండకి అది కొంత ఫర్వాలేదు. విశాఖ, విజయవాడల ఉక్కపోతలో మాత్రం మందపు కాటన్ చెమటని పీల్చుకుని బరువెక్కి వీపుకి అతుక్కుంటుంది. వదులు వల్ల వచ్చిన లాభం మందం వల్ల పోతుంది. ఫ్రెంచ్ టెర్రీ గుడ్డ ఇంకా బరువు, అది చలికాలానికే. వానాకాలంలో హాస్టల్ తాడు మీద 240 జీఎస్ఎం టీషర్ట్ రెండో రోజుకీ చెమ్మగానే ఉంటుంది. పాలిస్టర్ కలిసినది తొందరగా ఆరుతుంది కానీ చెమటని దాదాపు పీల్చుకోదు, ఒంటి మీద జిగట అలాగే మిగులుతుంది.

కాబట్టి ఎండాకాలానికి పల్చటి కాటన్ ఓవర్‌సైజ్డ్ మొదటి స్థానం, పల్చటి కాటన్‌లోనే ఒంటికి సరిపడేది రెండో స్థానం, మందపు ఓవర్‌సైజ్డ్ మూడో స్థానం. అందరూ కొంటున్నది ఆ మూడోదాన్నే, నాకు బాధ కలిగించేది అదే. నడుము కింద అయితే తేడా ఇంకా ఎక్కువ. తామర మన దగ్గర ఎంత మొండిగా తయారైందో ఏ చర్మవైద్యుణ్ని అడిగినా చెప్తారు. బిగుతు జీన్స్ మానేసి వదులు కాటన్ వేసుకోమన్నది వాళ్లిచ్చే మొదటి సలహాల్లో ఒకటి. మరీ బిగుతు ప్యాంటు, బెల్టు తొడ పక్కనుంచి వెళ్లే నరాన్ని నొక్కి తిమ్మిర్లు, మంట తెప్పించడం కూడా వైద్యులకు తెలిసిన సమస్యే.

ఒంటి సంగతి ఇంతే. అసలు విషయం మనసుది.

మన ఇళ్లలో ఒంటి గురించి మాట్లాడటానికి ఎవరికీ మొహమాటం లేదు. పెళ్లికి వెళ్తే చాలు, "ఏంటి ఇంత చిక్కిపోయావ్, హాస్టల్లో తిండి పెట్టట్లేదా?" అని ఒకరు, "కాస్త లావయ్యావే!" అని ఇంకొకరు. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు, రెండు నిమిషాల్లో మర్చిపోతారు. విన్న పిల్ల మర్చిపోదు. సన్నగా ఉన్న కుర్రాడికి స్లిమ్ ఫిట్ టీషర్ట్ చేతుల సన్నదనాన్ని చూపిస్తుంది, లావుగా ఉన్నవాడికి పొట్టని చూపిస్తుంది. ఓవర్‌సైజ్డ్‌లో ఇద్దరూ ఒకేలా ఉంటారు. అన్న, చెల్లి ఒకే టీషర్ట్ మార్చుకుని వేసుకోవచ్చు. 'మగవాళ్ల విభాగం, ఆడవాళ్ల విభాగం' అనే గీత దగ్గర ఇబ్బంది పడే పిల్లలకి కూడా ఇది పెద్ద ఊరట. ఇన్నాళ్లూ ట్రయల్ రూమ్‌లో చెమటలు పట్టిన పిల్లలకి ఇది చిన్న విషయం కాదు.

ఒంటికి అతుక్కున్న బట్ట మన మనసుని మన ఒంటి మీదికే తిప్పుతుందనడానికి ఒక ప్రయోగం ఉంది. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా ఫ్రెడ్రిక్సన్, ఆమె తోటి పరిశోధకులు అమెరికాలో కొందరు విద్యార్థులకి ఈత దుస్తులు, మిగతావాళ్లకి స్వెట్టర్లు ఇచ్చారు. గదిలో ఒక్కళ్లే ఉండి అవి వేసుకుని లెక్కల పరీక్ష రాయాలి. చూసేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఈత దుస్తుల్లో ఉన్న అమ్మాయిలకి మార్కులు తగ్గాయి. అబ్బాయిల్లో ఆ తగ్గుదల లేదు. ఈత దుస్తులకీ స్లిమ్ ఫిట్‌కీ చాలా దూరం ఉంది, నిజమే. కానీ ఎవరూ చూడకపోయినా మనల్ని మనం బయటినుంచి చూసుకుంటూ కూర్చుంటామనీ, ఆ చూసుకోవడానికి బుర్రలో కొంత భాగం ఖర్చవుతుందనీ ఇందులోంచి నాకు అర్థమైంది. క్లాసులో మాటిమాటికీ టాప్ కిందికి లాక్కునే అమ్మాయి పాఠాన్ని ఎంతవరకు వినగలదు?

అమ్మాయిల విషయంలో ఇంకొక పొర ఉంది. కిక్కిరిసిన సిటీ బస్సులో, ట్యూషన్ నుంచి వచ్చే సందులో చూపులు ఎలా ఉంటాయో వాళ్లకి తెలుసు. చున్నీ లేకుండా బయటికెళ్తానంటే ఒప్పుకోని ఇంట్లో కూడా ఓవర్‌సైజ్డ్ టీషర్ట్‌కి అభ్యంతరం తక్కువ. తన ఇష్టమూ తీరింది, ఇంట్లో గొడవా లేదు. గాయని బిల్లీ ఐలిష్ తన వదులు బట్టల గురించి 2019లో చెప్పింది కూడా ఇదే. లోపల ఒళ్లు ఎలా ఉందో కనపడకపోతే దాని మీద ఎవరూ అభిప్రాయం చెప్పలేరని. ఇందులో అన్యాయం ఉంది, ఎదుటివాడి చూపుకి అమ్మాయి తన బట్ట మార్చుకోవాల్సి రావడం. కానీ ఆ బస్సులో ఆమెకి దొరికిన ప్రశాంతతని ఆ కారణంతో తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

స్లిమ్ ఫిట్ వైపు న్యాయం లేదా అంటే ఉంది. పెద్దవాళ్ల మాటలో ఒక చరిత్ర ఉంది, దాన్ని పిల్లలు వినాలి. "పెరిగే పిల్లాడు, ఒక సైజు పెద్దదే తీసుకుందాం" అని కొన్న బట్టలతో, అన్నయ్య విడిచిన చొక్కాలతో పెరిగినవాళ్లకి వదులు అంటే లేమి. మొదటి జీతంతో టైలర్ దగ్గర కొలతలిచ్చి ఒంటికి సరిగ్గా కుట్టించుకున్న చొక్కా వాళ్లకి గౌరవం. అటు పిల్లలకి ఈ వదులు వచ్చిన దారి వేరు. 1980, 90లలో న్యూయార్క్ హిప్‌హాప్ కుర్రాళ్లు, కాలిఫోర్నియాలో సర్ఫింగ్ బోర్డులు చేస్తూ టీషర్ట్‌లు అమ్మిన షాన్ స్టూసీ, తర్వాత కొరియా పాప్ బృందాలు, ముంబై గల్లీ ర్యాపర్లు, ముంబైలోనే పుట్టిన బెవకూఫ్, ది సోల్డ్ స్టోర్ లాంటి బ్రాండ్లు. ఒకే బట్టలో ఒకరికి పేదరికం, ఒకరికి స్వేచ్ఛ కనిపిస్తుంటే ఇంట్లో మాట కలవకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పనుల దగ్గర కూడా స్లిమ్ ఫిట్ కచ్చితంగా గెలిచే చోట్లు ఉన్నాయి. ఇంజినీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో లేత్ మెషిన్ దగ్గర వదులు చేతులు ప్రమాదం. కెమిస్ట్రీ ల్యాబ్‌లో బర్నర్ దగ్గరా, ఇంట్లో స్టవ్ దగ్గరా అంతే. బండి వెనక కూర్చున్నప్పుడు బ్యాగీ ప్యాంటు అంచు చక్రం వైపు వెళ్లకుండా చూసుకోవాలి. చీర కోసం మన బైకులకి పెట్టే గార్డు ప్యాంటుకీ పనికొస్తుంది కానీ అది ఒక పక్కనే ఉంటుంది. జిమ్‌లో భంగిమ సరిగ్గా ఉందో లేదో కోచ్‌కి కనపడాలంటే ఒంటిని పట్టి ఉండే బట్టే మేలు.

ఇంటర్వ్యూకి కూడా నేను కొలతకి కుట్టినదే వేసుకోమంటాను. అయితే నీటుగా ఉండే బట్ట బుర్రని పదునుపెడుతుందని చెప్పడానికి అందరూ 2012 నాటి ఒక ప్రయోగం చూపిస్తారు. డాక్టర్ కోటు అని చెప్పి తెల్లకోటు వేస్తే ఏకాగ్రత పెరిగిందని అందులో తేలింది. తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగాన్ని ఎక్కువమందితో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. దాన్ని నమ్ముకుని పిల్లల మీద బిగుతు చొక్కాలు రుద్దకండి. ఇంటర్వ్యూకి సరిపడే చొక్కా ఎందుకంటే, ఎదుట కూర్చునేవాళ్లు ఎక్కువగా ఆ పాత తరంవాళ్లే, అంతే.

వదులు బట్ట దాక్కోవడానికే అయిపోయినప్పుడు మాత్రం నేను పిల్లల పక్షాన నిలబడలేను. టీషర్ట్ బాగుందని వేసుకోవడం వేరు, అది లేకుండా గుమ్మం దాటలేకపోవడం వేరు. మే నెలలోనూ హుడీ తీయకపోవడం, ఫోటో అంటే పక్కకి తప్పుకోవడం, అద్దం దగ్గర గంటలు గడపడం లేదా అసలు అద్దమే చూడకపోవడం కనిపిస్తే అక్కడ సమస్య బట్టది కాదు. తిండి మానేసి బరువు తగ్గిపోతున్న పిల్లలు ఆ సంగతి దాచడానికీ వదులు బట్టలే వాడతారు. ఇంట్లోవాళ్లకి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. అలా అనుమానం వస్తే తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

దాక్కోవాలనిపించే పిల్లలకి ఒక ప్రయోగం గురించి చెప్పొచ్చు. 2000లో ప్రచురించిన ఆ పరిశోధనలో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థులకి సిగ్గుపడేలాంటి బొమ్మున్న టీషర్ట్ తొడిగి, తోటివాళ్లున్న గదిలోకి పంపారు. గదిలో సగంమంది గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. గమనించింది పావువంతు మందే. మన పొట్టనీ, సన్నటి చేతుల్నీ కూడా లోకం మనం భయపడేంతగా చూడట్లేదని నేను నమ్ముతాను. పెళ్లిలో అత్తయ్యలు మాత్రం ఆ లెక్కలోకి రారు. వాళ్లతో పెద్దవాళ్లే మాట్లాడాలి.

రోజువారీ కాలేజీకి, ప్రయాణాలకి, ఇంటికి నేను ఓవర్‌సైజ్డ్ కట్‌నే ఎంచుకోమంటాను. ల్యాబ్‌కి, జిమ్‌కి, ఇంటర్వ్యూకి ఒంటికి సరిపడేవి రెండు మూడు ఉంటే చాలు. కొనేటప్పుడు లేబుల్ మీద 180 నుంచి 200 జీఎస్ఎం, నూరు శాతం కాటన్ అని ఉందా చూడండి. తమ మామూలు సైజే తీసుకోవాలి, వదులు కట్‌లోనే ఉంటుంది కాబట్టి పెద్దది అడగక్కర్లేదు. మెడ పట్టీని రెండు వేళ్లతో లాగి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. భుజం కుట్టు ఎముక దాటి రెండు అంగుళాలు దిగితే బాగుంటుంది, మోచేతి దాకా వచ్చేస్తే అది సైజు తప్పినట్టే. వేసుకుని చేతులు పైకెత్తి చూడండి, నడుము బయటపడకూడదు. మొదటిసారి కొనేవాళ్లు ఒకటే తీసుకోండి. రెండు ఉతుకుల తర్వాత ఎంత ముడుచుకుందో చూసి మిగతావి కొనుక్కోవచ్చు.