మేయో కౌంటీలో అల్లుడి పూర్వీకుల పొలం వెతుక్కుంటూ

మా అల్లుడి పూర్వీకులు బంగాళాదుంప కరువు రోజుల్లో ఐర్లాండ్‌లోని మేయో కౌంటీ నుంచి అమెరికా వెళ్లిపోయారు. ఆ చోటు చూడాలని అందరం కలిసి వెళ్లాం. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు టికెట్లు కొనకముందే టౌన్‌ల్యాండ్ పేరు తేల్చుకోవాలి. అక్కడ భూమి లెక్కల్లో అన్నిటికన్నా చిన్న భాగం అదే. దేశం మొత్తం మీద 60,000కు పైగా ఉన్నాయి.

1922లో డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల దగ్గర రికార్డాఫీసు కాలిపోయి పాత జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. ఆ లోటు కొంతైనా తీర్చేవి భూమి పన్ను పుస్తకాలే. 1823 తర్వాత రాసిన టైత్ పుస్తకాల్లో చర్చికి పన్ను కట్టాల్సిన రైతుల పేర్లున్నాయి. కాథలిక్కులు కూడా ప్రొటెస్టెంట్ చర్చికి కట్టాల్సి వచ్చింది, అది చదువుతుంటే మనసు కలుక్కుమంది. 1847–1864 మధ్య అచ్చయిన గ్రిఫిత్ వాల్యుయేషన్ మన అడంగల్ లాంటిదే: సాగుదారు, భూమి కౌలుకిచ్చినవారు, విస్తీర్ణం, పన్ను విలువ, మ్యాపులో నంబరు అన్నీ ఉంటాయి. కుటుంబ పెద్ద పేరు మాత్రమే రాశారు కాబట్టి ఒకే పేరున్నవాళ్లు ఎదురైతే చర్చి రిజిస్టర్లతో సరిచూసుకోవాలి. ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం. ఒక ప్రైవేటు సంస్థ మా దగ్గర డబ్బు తీసుకుని ఇచ్చినవి కూడా ఈ కాగితాలే.

డబ్లిన్‌లో కిల్డేర్ స్ట్రీట్ నేషనల్ లైబ్రరీకి తప్పక వెళ్లండి. వంశవృక్షాల నిపుణులు ఉచితంగా, ఓపిగ్గా సలహా ఇస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చినవి మాత్రం వాల్యుయేషన్ సవరణ పుస్తకాలు. పొలం చేతులు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి, ఏడాదిని బట్టి వేరే రంగు సిరాతో కొత్త పేరు రాశారు. ఆ రంగులు పట్టుకుని వస్తే పొలం ఎవరి తర్వాత ఎవరికి వెళ్లిందో తెలిసిపోతుంది.

డబ్లిన్‌లో హోటల్ ఖర్చు ఎక్కువ. పని అయిపోగానే హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కి మేయోలోని క్యాసిల్‌బార్ పట్టణానికి వెళ్లడం మేలు. అక్కడ మేం దిగిన బీ అండ్ బీ (ఇంట్లోనే గది, టిఫిన్ ఇచ్చే చోటు) పెద్దావిడ మా మ్యాపు చూసి, ఆ వైపు పొలమున్న రైతుకు తనే ఫోన్ చేశారు. ఏ హోటల్లోనూ ఇంత సాయం దొరకదు. పల్లెలకు బస్సులు తక్కువ, కారు తీసుకోండి. మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి టెన్షన్ లేదు. దగ్గర్లోని టర్లో పార్క్ మ్యూజియంలో పల్లె జీవితం చూడొచ్చు, ప్రవేశం ఉచితం.

మీ వాళ్లది ఉత్తర ఐర్లాండ్ అయితే డబ్లిన్ బదులు బెల్‌ఫాస్ట్ రికార్డాఫీసు చూడాలి. అక్కడి సవరణ పుస్తకాలు ఇంటి నుంచే చూసుకోవచ్చు.