ఈకో వ్యాన్‌లో సొరుగుల మంచం: అరకు, లంబసింగి దారిలో నిలిచినవీ, నిలవనివీ

మా మారుతీ ఈకో వ్యాన్ వెనక సొరుగుల పెట్టె చేయించి, దాని మీద పరుపేసి మంచంగా వాడుకుంటూ తిరిగొచ్చాం. అరకులో రెండో రోజు పొద్దున్న చూస్తే ఆ పెట్టె అడుగున వేసిన 12 మి.మీ. ప్లైవుడ్ ఉబ్బి 15 మి.మీ. అయింది. 20 లీటర్ల నీళ్ళ క్యాను కుళాయి రాత్రంతా చుక్కలు చుక్కలుగా కారింది, అంతే. గోరు పెట్టి లాగితే అంచు పూతరేకులా పొరలు పొరలుగా ఊడొచ్చింది. చదరపు అడుగుకి 95 రూపాయలు, బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికీ తట్టుకునే) రకం రేటు తీసుకుని, రెండు షీట్లలో ఒకటి ఎంఆర్ (కాస్త తేమకి మాత్రమే ఆగే) రకం అంటగట్టాడు హైదరాబాదు షాపతను. నీళ్ళు తగిలే చోట ఎంఆర్ పనికిరాదు. ఆ సంగతి అతనికి మనకంటే బాగా తెలుసు.

మోసం జరిగేది కోత దగ్గర. షీటుకి ఒకచోటే ముద్ర ఉంటుంది. షాపులోనే ముక్కలు కోయిస్తే ముద్రున్న ముక్క ఒక్కటే చేతికొస్తుంది, మిగతావి ఏ షీటువో ఎవరూ చెప్పలేరు. ముద్రలో ఐఎస్ 303 (ప్లైవుడ్‌కి భారతీయ ప్రమాణం నంబరు) అని కనిపించగానే సరిపెట్టుకోకండి, ఎంఆర్ కూడా ఆ 303 కిందే వస్తుంది. దాని పక్కన బీడబ్ల్యూఆర్ అనే అక్షరాలుండాలి. మెరైన్ ప్లై అయితే ఐఎస్ 710. కోయకముందే ప్రతి షీటు ముద్రా ఫోటో తీసుకోండి, బిల్లులో గ్రేడు రాయించండి. మా బిల్లులో ఉన్నది ‘12 ఎంఎం ప్లై’ అని మాత్రమే. అందుకే అడగడానికి నోరు లేకపోయింది.

ఖర్చు ఇదీ: 8×4 షీట్లు రెండు 6,080, 20 అంగుళాల టెలిస్కోపిక్ ఛానళ్ళు (సొరుగు జారే బాల్ బేరింగ్ పట్టాలు) రెండు జతలు 960, బోల్టులు, స్క్రూలు, జిగురు 740, వడ్రంగికి రెండు రోజుల కూలి 2,400. మొత్తం 10,180. మడత పరుపు 3,200 వేరే.

కొలతల్లో అందరూ తప్పేది ఎత్తు దగ్గర. సొరుగులు లోతుగా ఉండాలనే ఆశతో పెట్టె ఎత్తు పెంచితే మంచం మీద తలెత్తి కూర్చోలేరు. బండిలో నేల మీద నిటారుగా కూర్చుని, నడినెత్తి నుంచి పైకప్పు దాకా కొలవండి. అందులోంచి పరుపు మందం, ఇంకో 2 అంగుళాలు తీసేస్తే మిగిలేదే పెట్టె ఎత్తు. వెడల్పు చక్రాల గూళ్ళ మధ్యే తీసుకోవాలి. ముందు అట్టపెట్టెలు కోసి బండిలో నిలబెట్టి చూశాకే ప్లై మీద రంపం పెట్టండి.

18 మి.మీ. ప్లై వద్దు. ఒక్క షీటే 30 కిలోలు దాటుతుంది. 12 మి.మీ. చాలు, కాకపోతే కింద ప్రతి 16 అంగుళాలకీ ఒక నిలువు పలక ఆసరా ఉండాలి. ప్లై అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలు విచ్చుకుంటాయి, ఘాట్ కుదుపులకి ఊడిపోతాయి. మూలల్లో అంగుళం చెక్క రీపర్లు (సన్న బద్దలు) వేసి, జిగురు పూసి, వాటిలోకి స్క్రూలు బిగించాలి. నీళ్ళు తగిలే చోటికి మామూలు ఫెవికాల్ కాదు, మెరైన్ రకం.

పెట్టెని నేలకి బిగించకుండా బయల్దేరొద్దు. సడన్ బ్రేకు వేస్తే అది నేరుగా ముందు సీట్ల వీపు మీదికే వస్తుంది. నేలకి కొత్త కన్నం వేసే ముందు బండి కింద దూరి పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో చూసుకోండి. వేసిన కన్నానికి రెడాక్సైడ్ పూయకపోతే వానాకాలంలో అక్కణ్ణుంచే తుప్పు మొదలు. సీట్లు విప్పి మార్పులు చేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, ముందే ఆర్టీఓలో అడగండి. ఇంకోటి, ఈకోలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. ఆ పక్కన కూరగాయలు పెడితే వాడిపోతాయి. నీళ్ళ క్యాను మాత్రం అక్కడే నయం, బరువు రెండు ఇరుసుల మధ్య పడుతుంది.

హైదరాబాదు నుంచి విశాఖ దాకా రాయడానికేమీ లేదు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక అసలు పరీక్ష. అనంతగిరి దగ్గర కాఫీకి ఆగి వెనక తలుపు ఎత్తగానే, బండి ముక్కు పైకుంది కాబట్టి వంటసామాను సొరుగు తనంతట తానే బయటికి దూకింది. పోపుల డబ్బా, రెండు కిలోల కందిపప్పు రోడ్డు పాలయ్యాయి, ఒక ఛానల్ వంగింది. సాయంత్రం దాకా మా ఆవిడ మాట్లాడలేదు. బాల్ బేరింగ్ ఛానల్ 45 కిలోలు మోస్తుందే గానీ, సొరుగుని మూసి పట్టుకోదు. మెల్లగా దానంతటదే మూసుకునే సాఫ్ట్ క్లోజ్ రకమైనా ఘాట్‌లో అంతే. సొరుగుకొక 4 అంగుళాల టవర్ బోల్టు (తలుపు గడియ), 60 రూపాయలు, అది చాలు. సొరుగు వెడల్పు దాని గూడు కంటే సరిగ్గా 26 మి.మీ. తక్కువుండాలి, పక్కకి 13 చొప్పున. ఆ సందు తగ్గితే సొరుగు పట్టేస్తుంది, పెరిగితే ఛానల్ లోపలి గోళీలు రాలిపోతాయి.

గ్యాసు సిలిండరు మూసిన సొరుగులో ఎప్పుడూ పెట్టకండి. గ్యాసు గాలికంటే బరువు, కారితే కిందే పేరుకుంటుంది. నిలబెట్టి పట్టీతో కట్టి, ఆ గూటి అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉంచండి. వంట బండి బయటే.

బసల సంగతి. అరకులో ఒక టెంట్ల క్యాంపులో రాత్రికి బండి నిలుపుకున్నందుకు 600, బాత్రూముకి మనిషికి 50 చొప్పున వేరే. పొద్దున్న 7 దాకా కుళాయిలో నీళ్ళే లేవు. ఆ చోటికి వెళ్ళమని ఎవరికీ చెప్పను. లంబసింగిలో ఒక ఇంటివాళ్ళు 300 తీసుకుని పెరట్లో బండి పెట్టుకోనిచ్చారు. తెల్లారేసరికి రెండు బకెట్ల వేణ్ణీళ్ళు కాచిపెట్టి, వేడి రాగి అంబలి ఇచ్చారు. మా ఆవిడ మొహంలో నవ్వు మళ్ళీ అక్కడే చూశాను. ఆ చలికి ఇద్దరి ఊపిరి తడి పరుపు కింద చేరింది. మంచం పలకకి ప్రతి 6 అంగుళాలకీ అంగుళం రంధ్రం వేసి ఉండటం వల్ల మధ్యాహ్నానికల్లా ఆరింది. రంధ్రాల్లేకపోతే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. కిటికీ వేలెడంత తెరిచి పడుకోవాలి.

ఉబ్బిన అడుగు పలక నర్సీపట్నంలో మార్పించాం. అక్కడి ప్లైవుడ్ షాపు పెద్దాయన ముద్ర చూపించి, నా చేత చదివించి మరీ కోశాడు. 9 మి.మీ. బీడబ్ల్యూఆర్ ముక్క, అంచులకి రెండు పూతల ఎనామిల్ పెయింటు, కూలితో కలిపి 850.